గుర్రపు ప్లాస్మాతో చేసే మందులు, వైరస్ భయం: చివరి పరీక్షలో నెగెటివ్ వస్తే సరిపోతుందా?

క్యూసీ_కొత్తమ్మాయి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి, పాముకాటు సీరం తయారుచేసే ఒక కంపెనీలో ఈమధ్యే క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేరాను. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను ప్లాస్మా నుంచి వేరుచేసి ఈ మందు తయారుచేస్తారని ఇక్కడ చాలామందికి తెలుసు. నా సందేహం ఒక్కటే. తయారైన వయల్‌ను (మందు సీసాను) స్టెరిలిటీకి (సూక్ష్మక్రిములు లేవని), పైరోజెన్‌కి (జ్వరం తెప్పించే పదార్థాలు లేవని), పొటెన్సీకి (విషాన్ని విరిచే బలం ఉందని) పరీక్షిస్తాం. వైరస్‌ల కోసం మాత్రం చివరి వయల్ మీద పరీక్షలేవీ కనిపించలేదు. సెక్షన్‌లో అడిగితే "అది ప్రాసెస్‌లోనే చూసుకుంటాం" అన్నారు. అంటే ఏమిటి? పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) చేసి నెగెటివ్ వస్తే గొడవ వదిలిపోదా?

సీరం_సీనియర్:
అమ్మా, ముందు ఒక లెక్క చూడు. వెయ్యి మిల్లీలీటర్ల ప్లాస్మాలో పది వైరస్ కణాలు ఉన్నాయనుకో. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి పరీక్షించావు. ఆ మిల్లీలీటరులో ఒక్క కణం కూడా పడకుండా పోయే అవకాశం 99 శాతం. పరీక్ష ఎంత గొప్పదైనా శాంపిల్‌లోకి రానిదాన్ని పట్టుకోలేదు. పైగా నువ్వు ఏ వైరస్‌కి ప్రైమర్ (ఆ వైరస్ జన్యువుకే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) వేశావో పీసీఆర్ దాన్నే చూస్తుంది. ఇంకా ఎవరూ కనిపెట్టని వైరస్‌కి ప్రైమర్ ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే మూడు చోట్ల కాపలా పెడతారు. ఒకటి, గుర్రం. రెండు, సేకరించిన ప్లాస్మా మీద పరీక్షలు. మూడోది, తయారీలో వైరస్‌ను చంపే దశలు (ఆమ్లం కలపడం లాంటివి), వడకట్టి తీసేసే దశలు. నీకు "ప్రాసెస్‌లో చూసుకుంటాం" అన్నది ఈ మూడో దాని గురించే.

ఆ దశ పనిచేస్తుందని రుజువు చేసే పద్ధతి ఇలా ఉంటుంది. ప్లాంటులోకి వైరస్‌ను తెచ్చే ప్రసక్తే లేదు. వేరే వైరాలజీ ల్యాబ్‌లో మన ట్యాంకునే చిన్న గ్లాస్ పాత్ర స్థాయికి కుదిస్తారు. అదే పీహెచ్, అదే ఉష్ణోగ్రత, అదే ప్రొటీన్ గాఢత. అందులో తెలిసిన మోతాదులో వైరస్‌ను కావాలని కలిపి, ఐదు నిమిషాలకు ఎంత మిగిలింది, పావుగంటకు ఎంత, గంటకు ఎంత అని కొలుస్తారు. పదివేలలో ఒకటి మిగిలితే 4 లాగ్ తగ్గింపు అంటాం. లక్షలో ఒకటి మిగిలితే 5 లాగ్.

ఇక్కడ కొత్తవాళ్లు గమనించని చిక్కు ఒకటుంది. గుర్రానికి ముందే ఆ వైరస్ సోకి ఉన్నా, టీకా పడి ఉన్నా, దాని ప్లాస్మాలో ఆ వైరస్‌కి యాంటీబాడీలు ఉంటాయి. మనం కలిపిన వైరస్‌ను అవే కట్టిపడేస్తాయి. చంపింది యాంటీబాడీ, పేరు మాత్రం ఆమ్లానికి వస్తుంది. ఆమ్లం కలపని కంట్రోల్ (పోలిక శాంపిల్) పక్కన పెట్టి చూడకపోతే ఆ రిపోర్టును నమ్మకూడదు.

గుర్రాల_డాక్టర్:
సీనియర్ గారు గుర్రాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. నేను పశువైద్యుణ్ణి, సీరం గుర్రాల మందలో పనిచేశాను కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను.

కొత్తగా కొన్న గుర్రాన్ని నేరుగా మందలో కలపకూడదు. కనీసం ఆరు వారాలు విడిగా ఉంచాలి. ఆ గడువులో రోజూ జ్వరం చూడాలి, రక్తపరీక్షలు చేయాలి, ధనుర్వాతం టీకా వేయాలి. గ్లాండర్స్ బ్యాక్టీరియా జబ్బే అయినా మనిషికి అంటుకుంటుంది కాబట్టి దాన్నీ చూడాలి. వైరస్‌ల్లో నేను ఎక్కువ భయపడేది ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియాకి. ఒకసారి సోకితే ఆ గుర్రం రక్తంలో జీవితాంతం ఉండిపోతుంది. పైకి నిగనిగలాడుతూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. జోరీగలు ఒకదాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే అంటుతుంది, ఒకే సూది రెండు గుర్రాలకు వాడినా అంటుతుంది. దాన్ని పట్టుకునే కాగిన్స్ పరీక్ష 1970 నాటిది, ఇప్పటికీ అదే ఆధారం. మన దేశంలో ఈ జబ్బులకు గుర్రాలను పరీక్షించే పెద్ద దిక్కు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

సూది సంగతి మరీ మరీ చెబుతున్నాను. ప్లాస్మా తీసుకున్నాక ఎర్ర కణాలను తిరిగి అదే గుర్రానికి ఎక్కిస్తారు. సంచుల మీద గుర్రం నంబరు మారిపోయిందా, ఒక దాని రక్తం ఇంకోదానికి వెళ్లిపోతుంది. మందలో వైరస్ పాకడానికి అంతకంటే దగ్గర దారి లేదు. సంచి వేలాడదీసే ముందు ఇద్దరు మనుషులు నంబరు చదివి, గుర్రం మెడ మీది నంబరుతో సరిచూసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను పనిచేసిన చోట ఈ రూలు పెట్టించడానికి పెద్ద పోట్లాటే అయింది. ఇప్పుడైనా పోట్లాడతాను.

మన్యం_డాక్టర్:
మీరంతా చెప్పేది బాగుంది. కానీ నాకు ఒక ఆందోళన ఉంది. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేస్తున్నాను. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా, అంటే ఏడాదికి దాదాపు 58 వేలు. ఆ భారం ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రక్తపింజర కాటుకి వచ్చిన మనిషి రక్తాన్ని గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు చూస్తాం. గడ్డకట్టలేదంటే వెంటనే పది వయల్స్ పెట్టాలి. ఆ పది వయల్స్ నా దగ్గర ఉంటాయా లేదా అన్నదే నాకు మొదటి ప్రశ్న. వైరస్ పేరుతో ఖరీదైన ఫిల్టర్లు, కొత్త కొత్త పరీక్షలు తప్పనిసరి చేస్తే రేటు పెరుగుతుంది, చిన్న కంపెనీలు తప్పుకుంటాయి, స్టాకు తగ్గుతుంది. మా వార్డులో నేను చూసే ప్రమాదం ఎనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ), చలిజ్వరం. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుని ఏఎస్‌వీ (పాముకాటు సీరం) మొదలుపెడతాం. వైరస్ వల్ల జబ్బు పడిన రోగిని నేను చూడలేదు.

సీమ_రైతు:
అన్నా, మాది అనంతపురం పక్క. శెనక్కాయ చేలల్లో పింజర్లు జాస్తి. నాకు ఈ లాగులు పీగులు తెలీవు. ఒకటే అడుగుతా. గుర్రానికుండే రోగం ఆ ఇంజెక్షన్‌తో మనిషికి వస్తాదా రాదా? మా ఊర్లో కొందరు ఇదే మాట చెప్పి మంత్రం వేసేవాళ్ల కాడికి పిల్చకపోతాండారు.

సీరం_సీనియర్:
రైతన్నా, సూటిగా చెబుతాను. పాముకాటు సీరం ద్వారా గుర్రం వైరస్ మనిషికి సోకిందని నిరూపణ అయిన కేసు ఇంతవరకు ఒక్కటీ లేదు. వందేళ్లకు పైగా ప్రపంచమంతా వాడుతున్న మందు ఇది. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి, ఒక్క నిమిషం ఆలోచించొద్దు. మేం ఇక్కడ మాట్లాడేది ఆ రికార్డు అలాగే నిలబడటానికి ఫ్యాక్టరీలో ఏం చేయాలన్నది. మందు వేయించుకోవాలా వద్దా అన్న చర్చ కాదు.

డాక్టర్ గారూ, మీ మాటను కొట్టిపారేయను. కానీ "ఇంతవరకు రాలేదు" అన్నదాని మీద ఆనుకుని కూర్చోకూడదు. పంది రక్తం నుంచి తీసిన ఎనిమిదో ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) కథ చూడండి. హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) రోగుల్లో కొందరికి మనిషి ఫ్యాక్టర్ పనిచేయదు, ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టేస్తాయి. వాళ్లకు పంది ప్లాస్మాతో చేసిన హయేట్-సీ అనే మందు ఇచ్చేవారు. ప్రాణాలు కాపాడిన మందు. 1990ల్లో దాంట్లో పంది పార్వోవైరస్ బయటపడింది. అప్పటి నుంచి ప్లాస్మాను పీసీఆర్‌తో వడపోయాల్సి వచ్చింది, 2004లో మందు మార్కెట్ నుంచే పోయింది. రక్తంతో పనిలేకుండా జన్యు పద్ధతిలో చేసిన పంది ఫ్యాక్టర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2014లో. మధ్యలో పదేళ్లు ఆ రోగుల దగ్గర ఈ దారి లేదు. ప్లాస్మాలోకి వైరస్ వస్తే మందుకే ఎసరు. మీరు భయపడే స్టాకు కొరత అటు నుంచి కూడా వస్తుంది.

క్యూసీ_కొత్తమ్మాయి:
సర్, పార్వో అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. గుర్రాల్లో కూడా అలాంటిది ఉందా?

గుర్రాల_డాక్టర్:
ఉంది, దాని వెనక పెద్ద కథే ఉంది. 1918 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ రాకుండా గుర్రాలకు వైరస్‌తోపాటు గుర్రపు సీరం కూడా ఎక్కించారు. వాటిలో కొన్నింటికి కొన్ని వారాల తర్వాత కాలేయం కుళ్లిపోయి చచ్చిపోయాయి. ఎందుకో వందేళ్లపాటు తేలలేదు. 2013లో అమెరికాలో, నెబ్రాస్కాకు చెందిన ఒక గుర్రం ధనుర్వాతం యాంటీటాక్సిన్ (అదీ గుర్రపు సీరమే) వేయించుకున్నాక అదే జబ్బుతో చనిపోయింది. దాని రక్తంలో, కాలేయంలో కొత్త పార్వోవైరస్ దొరికిందని 2018లో ప్రకటించారు. వేసిన యాంటీటాక్సిన్ సీసాలోనూ అదే వైరస్ ఉంది. మనుషులకు సోకినట్టు ఆధారం లేదు. కానీ వందేళ్లపాటు సీసాల్లో తిరిగినా ఎవరి పరీక్షకూ దొరకలేదంటే, నీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది తల్లీ.

టొరంటో_దాణా:
కెనడాలో దాణా పరిశ్రమలో ఉంటాను. మందుల సంగతి తెలియదు కానీ రక్తం, వైరస్ అనగానే 2014 గుర్తొచ్చింది. పంది పిల్లల దాణాలో పంది రక్తపు ప్లాస్మా పొడి కలుపుతారు, ప్రొటీన్ కోసం. 2013లో అమెరికాలోకి పీఈడీ అనే పందుల విరేచనాల వైరస్ వచ్చింది. పుట్టిన వారంలోపు పిల్లలకు సోకితే దాదాపు అన్నీ పోతాయి. 2014 జనవరిలో ఒంటారియోలో మొదలైంది. అనుమానం ప్లాస్మా పొడి మీద పడింది. ప్రభుత్వ తనిఖీ సంస్థ పరీక్షిస్తే, అమెరికా నుంచి వచ్చిన ప్లాస్మా పొడిలోని వైరస్ పందిపిల్లలకు సోకగలిగింది. కానీ అదే పొడి కలిపిన దాణాతో చేసిన ప్రయోగంలో జబ్బు రాలేదు. కాబట్టి దాణా వల్లే పాకిందని అధికారికంగా తేలలేదు.

వేడిగాలిలో పొడి చేస్తే వైరస్ చచ్చిపోతుందనే అందరి ధీమా. నిజంగానే ఆ వేడి ఈ వైరస్‌ను చంపుతుందని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. మరి పొడి అయ్యాక మళ్లీ ఎక్కడో అంటుకుందా అన్న ప్రశ్న మిగిలింది. శుద్ధి అయిన సరుకు, శుద్ధి కాని సరుకు ఒకే షెడ్డులో, ఒకే లారీలో తిరిగితే ఎంత వేడి చేసినా ఏం లాభం?

సీరం_సీనియర్:
టొరంటో తమ్ముడు అసలు చోటే పట్టుకున్నాడు. మా ట్యాంకుల దగ్గరా ఇదే గొడవ. వివరంగా చెబుతాను.

మన దేశంలో చాలావరకు పాముకాటు సీరాన్ని పెప్సిన్ పద్ధతిలో చేస్తారు. ప్లాస్మా పీహెచ్‌ను సుమారు 3కి దించి, పెప్సిన్ వేసి, యాంటీబాడీ తోక భాగాన్ని కోసేస్తారు. చేసేది యాంటీబాడీ శుద్ధి కోసమే అయినా, ఆ ఆమ్లంలో కొవ్వు పొర ఉన్న వైరస్‌లు చాలావరకు చస్తాయి. రెండో పద్ధతి కాప్రిలిక్ ఆమ్లం. కోస్టారికాలోని క్లొడోమీరో పికాడో సంస్థ 1990ల్లో పాముకాటు సీరానికి దీన్ని స్థిరపరిచింది. డ్రమ్ము మూత తీస్తే మేకపోతు కంపు కొడుతుంది. ప్లాస్మాలో నెమ్మదిగా పోస్తూ కలుపుతుంటే అల్బుమిన్ వగైరా పాలు విరిగినట్టు తెల్లగా గడ్డలు కట్టి కిందికి దిగుతుంది, యాంటీబాడీ మాత్రం ద్రవంలోనే నిలుస్తుంది. అదే దశలో కొవ్వు పొర ఉన్న వైరస్‌లకు ఆ పొర చిరిగిపోతుంది. అనీమియా వైరస్, వెస్ట్ నైల్, మెదడువాపు వైరస్‌లు అన్నీ ఆ జాతివే. ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ ట్యాంకు మూత లోపలి వైపు చూడండి. ప్లాస్మా పోసేటప్పుడు చిమ్మిన బొట్లు మూతకు, పైగోడకు అంటుకుని ఉంటాయి. వాటికి ఆమ్లం తగలదు. గంట తర్వాత అంతా శుద్ధి అయిందనుకుంటాం, ఆ బొట్టు జారి మళ్లీ అందులో పడుతుంది. అందుకే ద్రవాన్ని రెండో శుభ్రమైన ట్యాంకులోకి మార్చి, అక్కడ మిగతా సమయం ఉంచాలి. అక్కడి నుంచి ముందుకు గది వేరు, పంపు వేరు, గొట్టాలు వేరు, మనుషుల గౌన్లు వేరు. ప్లాస్మా గదిలో వాడిన గొట్టాన్ని "కడిగేశాంలే" అని ఇవతలికి తెస్తే చేసిన వాలిడేషన్ (ఆ దశ పనిచేస్తుందన్న రుజువు) అంతా కాగితానికే.

జీనోమ్‌వ్యాలీ_సెల్‌కల్చర్:
నేను సెల్ కల్చర్ వైపు. మాకు గుర్రం లేదు, దూడ సీరం ఉంది. కణాలు పెరగడానికి మీడియాలో కలుపుతాం. కోవాక్సిన్‌లో దూడ రక్తం ఉందని 2021 జూన్‌లో పెద్ద రచ్చ జరిగింది గుర్తుందా? అది వీరో కణాలను (టీకా వైరస్‌ను పెంచే కోతి కణాలు) పెంచడానికి మాత్రమే వాడతారని, తర్వాత కడిగేస్తారని, టీకాలో ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరణ ఇచ్చింది. కానీ పెంచే దశలో ఆ సీరంతోపాటు వైరస్ వస్తే కణాల్లోనే తిష్ఠ వేస్తుంది. కడిగితే పోదు.

మా తలనొప్పి పేరు బొవైన్ వైరల్ డయేరియా వైరస్. చూలు ఆవుకు మొదటి నెలల్లో సోకితే వైరస్ మావి దాటి పిండానికి పోతుంది. ఆ వయసులో పిండానికి తనది, పరాయిది తెలియదు కాబట్టి వైరస్‌ను తనదిగానే తీసుకుంటుంది. యాంటీబాడీలు పుట్టవు, రక్తం నిండా వైరస్. పిండం సీరం ఒక లాటులో వందల పిండాల రక్తం కలుస్తుంది. అలాంటి పిండం ఒక్కటి చాలు. యాంటీబాడీ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. మైక్రోస్కోపులో చూసినా, ఆ వైరస్‌లో కొన్ని రకాలు కణాలకు ఏ హానీ కనిపించకుండా పెరుగుతాయి.

అందుకని గడ్డకట్టించిన సీరానికే 25 నుంచి 40 కిలోగ్రే (కిరణాల మోతాదు కొలత) గామా కిరణాలు పెట్టిస్తాం. డయేరియా వైరస్‌కి అది బాగా పనిచేస్తుంది. పార్వో లాంటి చిన్నవి, పొర లేనివి దానికీ లొంగవు. సీరం ఎక్కడి ఆవులదన్నది కూడా చూడాలి. బీఎస్ఈ (పిచ్చి ఆవు జబ్బు) వచ్చాక దేశం పేరు చూడకుండా ఎవరూ కొనట్లేదు, ఎందుకంటే ప్రియాన్‌ను (ఆ జబ్బు తెచ్చే ప్రొటీన్) ఈ కిరణాలు ఏమీ చేయలేవు.

మన్యం డాక్టర్ గారు స్టాకు గురించి అన్నారు కదా, 2009లో బోస్టన్‌లో జెన్‌జైమ్ అనే మందుల కంపెనీ ప్లాంటు సంగతి చూడండి. రియాక్టర్లలో (కణాలు పెంచే ట్యాంకులు) వెసివైరస్ 2117 దొరికింది. పోషకంగా వాడిన సీరం మీదే అనుమానం. మనుషులకు జబ్బు చేసే వైరస్ కాదది. అయినా ప్లాంటు ఆపి శుద్ధి చేయాల్సి వచ్చింది, గౌషర్, ఫాబ్రీ అనే అరుదైన జబ్బుల రోగులు నెలల తరబడి మందు అరకొరగా వాడుకున్నారు.

క్యూసీ_కొత్తమ్మాయి:
అయితే 20 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టేస్తే పోలేదా? పార్వో సైజు ఇరవై చిల్లర నానోమీటర్లు, యాంటీబాడీ అంతకంటే చిన్నది. అన్ని కంపెనీలకూ తప్పనిసరి చేయొచ్చు కదా.

మన్యం_డాక్టర్:
నేను భయపడింది ఇదిగో దీనికే.

సీరం_సీనియర్:
ఇద్దరికీ కలిపి చెబుతాను. ఆ ఫిల్టర్ పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ మన సీరంలో ప్రొటీన్ మలినాలు ఎక్కువ ఉంటే కాసేపటికే రంధ్రాలు పూడుకుపోతాయి. ముందు శుద్ధి పెంచాలి, ఆ తర్వాతే ఫిల్టర్. ఒకసారి వాడి పారేసేది, ధర బాగా ఎక్కువ. 60 డిగ్రీల్లో పది గంటలు కాయడం ఇంకో దారి, కానీ జాగ్రత్తపడకపోతే ప్రొటీన్ ముద్దలు కట్టి రోగికి రియాక్షన్లు పెరుగుతాయి. వైరస్ భయం తగ్గించబోయి వార్డులో ఎనాఫిలాక్సిస్ పెంచితే డాక్టర్ గారు మనల్ని క్షమించరు, క్షమించకూడదు కూడా.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. అందరికీ తప్పనిసరి చేయాల్సినవి మంద క్రమశిక్షణ, ప్లాస్మా పూల్ (చాలా గుర్రాల ప్లాస్మా కలిపినది) మీద పరీక్షలు, ఇప్పటికే ఉన్న ఆమ్ల దశకు నిజాయితీగా వాలిడేషన్, ముందు గది, వెనక గది వేరుచేయడం. వీటికి అయ్యే ఖర్చుతో వయల్ రేటు మారిపోదు, చేయలేదంటే అది నిర్లక్ష్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో, తర్వాత 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి. ఫిల్టర్‌ను స్థోమత ఉన్న పెద్ద ప్లాంట్లు మొదలుపెట్టాలి, ప్రభుత్వం టెండర్లలో చౌక రేటును మాత్రమే చూడడం మాని, దాన్ని చేసినవాళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వాలి.

గుర్రాల_డాక్టర్:
టెండర్ మాటకు నా ఓటు కూడా వేయండి. ఎల్-1 రేటు (టెండర్‌లో అతి తక్కువ ధర) కోసం మొదట కోత పడేది గుర్రాల షెడ్డులోనే. దాణా తగ్గుతుంది, క్వారంటైన్ కుదించుకుపోతుంది.

జీనోమ్‌వ్యాలీ_సెల్‌కల్చర్:
అసలు గుర్రంతోనే పనిలేని రోజు వస్తుందేమో. కుక్కకాటుకి గుర్రపు ఇమ్యునోగ్లోబ్యులిన్ బదులు ల్యాబ్‌లో చేసిన మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ) మన దేశంలో 2017 నుంచే ఉంది. పాము విషానికి కూడా బెంగళూరు ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ కలిసి 2024లో ఒక యాంటీబాడీ ప్రకటించాయి. కానీ మన సీరం తయారుచేసే నాలుగు పాముల్లో ఒక్కోదాని విషంలో పదుల రకాల ప్రొటీన్లు. రేపే అయ్యే పని కాదు.

సీమ_రైతు:
అంతవరకు గుర్రమే దిక్కన్నమాట. మరి ఇంజెక్షన్ వేయించుకున్నంక ఏమన్నా తేడా వస్తే ఎవరికి చెప్పల్ల? ఏ సీసాదో మాకెట్ల తెలుస్తాది?

సీరం_సీనియర్:
రైతన్న అడిగింది చాలా ముఖ్యం. 1901లో సెయింట్ లూయిస్‌లో జిమ్ అనే గుర్రం నుంచి తీసిన డిఫ్తీరియా సీరంలో ధనుర్వాతం విషం కలిసి 13 మంది పిల్లలు చనిపోయారు. గుర్రానికి జబ్బని తెలిశాక కూడా ఆ రక్తంతో నింపిన సీసాలు బయటే తిరిగాయి. వాటి మీద పాత తేదీ లేబుళ్లు అంటించారు. మరుసటి ఏడాదే, 1902లో, అమెరికాలో ఈ మందులపై మొదటి చట్టం వచ్చింది. ప్రతి వయల్ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే ఏ పూల్, ఏ రోజు తీసిన ప్లాస్మా, ఏ ఏ గుర్రాలు అన్నది మా రికార్డుల్లో దొరికి తీరాలి. దొరకలేదంటే మాది తప్పు.

కానీ ఆసుపత్రిలో బ్యాచ్ నంబరు రాయకపోతే ఆ గొలుసు అక్కడే తెగిపోతుంది. తేడా కనిపిస్తే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే) హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు. డాక్టరే చేయాలని లేదు, రోగి తాలూకు మనుషులైనా చేయొచ్చు.

మన్యం_డాక్టర్:
మా దగ్గర హడావుడిలో "ఏఎస్‌వీ 10 వయల్స్ ఇచ్చాం" అని రాసి వదిలేస్తున్నారు. పది వయల్స్‌లో రెండు బ్యాచ్‌లు కలిసిన సందర్భాలూ ఉంటాయి. ఖాళీ వయల్స్‌ను అప్పుడే పారేయకుండా ట్రేలో ఉంచి, రోగి కుదుటపడ్డాక అన్ని బ్యాచ్ నంబర్లూ కేస్ షీట్‌లోకి ఎక్కించమని స్టాఫ్ నర్సులకు ఈ రోజే చెబుతాను. ఇతర పీహెచ్‌సీల వాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే మీ దగ్గర ఎలా రాస్తున్నారో పెట్టండి. ఫార్మాట్ ఒకటి తయారుచేసుకుందాం.

క్యూసీ_కొత్తమ్మాయి:
మా వయల్ లేబుల్ మీద బ్యాచ్ నంబరు చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది డాక్టర్ గారూ, రాత్రిపూట వార్డులో చదవడం కష్టం. చింపి కేస్ షీట్‌కి అంటించుకునే స్టిక్కర్ ఇవ్వొచ్చా అని సోమవారం మా ప్యాకింగ్ వాళ్లను అడుగుతాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.